చిత్రా నక్షత్రపు బడిపిల్ల

గడచిన శీతకాలమున, కంటిలో శుక్లములు ముదిరి, దీపము క్రింద అక్షరములు జంటలు జంటలుగా కనబడుచుండగా, చదువు సాగక పుస్తకమును మూసి గోడవైపు చూచుచు కూర్చుండిన నన్ను చూచి జాలిగొని, మా మనుమరాలు, "తాతయ్యా, చదవలేకపోతే చూడు, మాటలు నేను చదివి చెబుతాను" అని, జపాను భాషలోనున్న ఒక బొమ్మల కథను, తెర అడుగున వచ్చు ఆంగ్లవాక్యములను అప్పటికప్పుడు తెనుగు చేయుచు, రాత్రికొక భాగము చొప్పున ఇరువది రాత్రులు నాకు చూపినది. నేటి ప్రసంగమునకు ఆ ఇరువది రాత్రులే ఆధారము. వయసు మీఱినవాడు బొమ్మల సినిమాను గూర్చి మాటలాడ బూనుట కొందఱికి వినోదముగను, కొందఱికి చాపల్యముగను తోచవచ్చును. నాకును మొదటి రెండు రాత్రులు అట్లే తోచినది.

ఇట్టి బొమ్మల కథలను జపానీయులు 'ఆనిమే' అందురు. 'యానిమేషన్' అను పరభాషా పదమును, మనవారు 'స్టేషన్'ను 'టేషను' చేసినట్లు, వారు తమ నోటికి అనువుగా కుదించుకొనిరి. పిల్లలు వ్యోమయానము నేర్చు పాఠశాల కథ యని ఆమె చెప్పినప్పుడు, ఇనుప దేహముల రాక్షసులును, కన్నులు మిఱుమిట్లు గొలుపు ప్రేలుళ్లును, నక్షత్రముల నడుమ యుద్ధములును చూడవలసివచ్చునని భయపడితిని. చూచినది వేఱు. ఈ కథలో ఇరువది భాగములు ముగియునంతవరకు బాలిక భూమిని విడిచి పోనేపోదు. ఎగురుట నేర్పు బడిని గూర్చిన కథ, పడినదానిని చూపుటతో ఆరంభమగుటయు, ఆ పడినదానిని చివరి వరకు మఱువనీయకుండుటయు నన్ను పట్టి నిలిపినవి.

దాని పేరు 'ఫుతాత్సు నో సుపికా'; రెండు స్పైకా నక్షత్రములు అని అర్థము. దీనికి మూలము యాగినుమా కో అను రచయిత తానే బొమ్మలు గీసి వ్రాసిన చిత్రకథ. 2000 సంవత్సరమున ఒక చిన్న కథగా మొలచి, 2001 మొదలు 2009 వరకు 'కామిక్ ఫ్లాపర్' అను మాసపత్రికలో ధారావాహికముగా సాగి, పదునాఱు సంపుటములుగా వెలువడినది. మూలరచన నడిమిలో నుండగనే, మోచిజుకి తోమోమి దర్శకత్వమున, ఎన్.హెచ్.కె. అను జపాను ప్రసార సంస్థ తన ఉపగ్రహ ప్రసారమున 2003 నవంబరు 1 నుండి 2004 మార్చి 27 వరకు దీనిని ప్రదర్శించినది.

స్పైకా యనగా ఎవరో పరదేశపు తార యనుకొనవలదు. అది మన చిత్రా నక్షత్రమే. కన్యారాశిలో, ఆకాశమున మిక్కిలి ప్రకాశించు ఇరువది తారలలో ఒకటియై, నీలిఛాయ గల తెల్లని వెలుగుతో మెఱయు ఆ చుక్కను పాశ్చాత్యులు కన్య చేతనున్న గోధుమ వెన్నుగా భావించి, లాటిను భాషలో వెన్నునకు గల పేరునే దానికి పెట్టిరి. పూర్ణిమనాడు చంద్రుడు ఆ తారను సమీపించు మాసమే మనకు చైత్రము. అనగా తెలుగువాని సంవత్సరము ఆ చుక్క పేరిటనే తెఱచుకొనును. క్రీస్తునకు పూర్వము రెండవ శతాబ్దిలో హిపార్కస్ అను గ్రీకు జ్యోతిర్విదుడు, తనకు సుమారు నూటయేబది ఏండ్ల ముందు తిమోకారిస్ గుర్తించిన చిత్ర స్థానముతో తన కాలపు స్థానమును సరిపోల్చి, అయనచలనమను మహారహస్యమును కనుగొనెను. మన కాలమునకు వచ్చినచో, మేఘనాథ సాహా అధ్యక్షతన ఏర్పడి 1955లో నివేదిక సమర్పించిన పంచాంగ సంస్కరణ సంఘము, నిరయణ రాశిచక్రమునకు మొదటి బిందువును చిత్రకు దాదాపు సరిగా ఎదుట నుంచినది. నేడు మనలో పెక్కుమంది ఇండ్ల గోడలకు వ్రేలాడు పంచాంగము ఆ చుక్కను పట్టుకొనియే నడచుచున్నది.

అయితే ఆ చుక్క ఒక్కటి కాదు, రెండు. భూమికి సుమారు రెండువందల యేబది కాంతివర్షముల దూరమున, రెండు మహానక్షత్రములు ఒకదాని నొకటి దాదాపు నాలుగు దినములలో చుట్టివచ్చునంత దగ్గఱగా, ఒకదాని ఆకర్షణచే నొకటి గ్రుడ్డువలె సాగిపోయి తిరుగుచున్నవి. సామాన్యమైన దూరదర్శినిలో చూచినను అవి విడివడి కనబడవు. 1890లో జర్మనీలోని పాట్స్‌డాంలో హెర్మన్ ఫోగెల్ అను శాస్త్రవేత్త, చుక్కను చూచి కాక, చుక్క వెలుగును పట్టకముచే విడదీసి, ఆ రేఖలు ఇటునటు ఊగుటను బట్టి రెండవ తార ఉనికిని తెలిసికొనెను. కంటికి కనబడని తోడు ఒకటి కనబడుదానిని ఊపుచుండుట వలన బయటపడుట: రచయిత ఈ ఒక్క ఖగోళ సత్యమును గైకొని తన కథనంతయు దాని చుట్టు అల్లెనని చెప్పవచ్చును.

ఇక కథ. 2010వ సంవత్సరమున జపాను దేశము తన గడ్డమీదనుండి మనుష్యులను మోసికొనిపోవు మొదటి రాకెట్టును ప్రయోగించును. దాని పేరు 'షిషిగో', అనగా సింహము. అది ఎగసిన స్వల్పకాలమునకే నిప్పంటుకొని, సముద్రతీరమున నున్న యుయిగాహామా అను ఊరిమీద కూలిపోవును. ఊరిలో అనేకులు మరణింతురు. గాయపడిన వారిలో ఏడాది బిడ్డ గల ఒక తల్లి యుండెను. ఆమె అయిదేండ్లు స్పృహ లేక పడియుండి, కన్ను తెఱవకయే గతించినది. ఆ బిడ్డయే అసుమి, ఇంటిపేరు కామోగావా. ఆ పిల్ల, తన తల్లిని చంపిన రాకెట్టువంటి రాకెట్టునకే సారథి కావలెనని కోరి, 2024లో, పదునైదేండ్ల వయసున, తోక్యో వ్యోమ పాఠశాలలో చేరును. కథలోని ఆ భవిష్యత్తు మన పంచాంగములో ఇప్పటికే గడచిపోయినది. జపానులో అట్టి పాఠశాలయు లేదు, ఆ దేశపు రాకెట్టుపై మనుష్యుడెవ్వడును నేటివరకు ఆకాశమునకు పోలేదు. కాలముదాటిన భవిష్యత్తును చూచునప్పుడు, పెండ్లి ఆగిపోయిన ఇంట మిగిలిన శుభలేఖలను చూచినట్లుండును.

ఈ కథలో నన్ను మిక్కిలి కలచిన పాత్ర అసుమి కాదు, ఆమె తండ్రి తోమోరో. ఆయన ఆ సింహపు రాకెట్టు నిర్మాణమున పాలుపంచుకొన్నవాడు. ప్రమాదము జరిగిన పిమ్మట, ఒకవైపు భార్య చికిత్సాలయమున చలనము లేక పడియుండగా, చంటిబిడ్డను ఇంట నుంచి, సంస్థ పక్షమున మృతుల కుటుంబముల గడపగడపకును పోయి, తల వంచి, క్షమాపణ చెప్పు పని ఆయన పాలబడినది. తానును బాధితుడే యని చెప్పుకొనుటకు ఆయనకు నోరు రాదు. చెప్పుకొన్నను వినువారు లేరు. జపానులో నేరము తనదైనను కాకున్నను సంస్థ తరఫున వంగి నమస్కరించి మన్నింపుమనుట ఒక ఆచారముగా నున్నదని అందఱు ఎఱుగుదురు. కాని ఆ వంగిన వెన్నును, ఆ వెన్ను వెనుక ఇంటికి పోయి బిడ్డకు అన్నము పెట్టవలసిన మనిషిని ఇంత నిదానముగా చూపిన చిత్రమును నేను వేఱొకటి చూడలేదు. తరువాత ఆయన కాయకష్టము చేసి కూతురిని పెంచును. ఆ కూతురు తనకు తెలియకుండ వ్యోమ పాఠశాలకు దరఖాస్తు పంపినదని తెలిసినప్పుడు ఆయన ఆగ్రహించును. కోరిక కోరినందుకు కాదు, కోరికను దాచినందుకు. ఆ ఘట్టము జరుగుచుండగా మా మనుమరాలు తెనుగు చేయుట మానివేసినది, నేనును అడుగలేదు.

మన జ్యోతిషమున చిత్రా నక్షత్రమునకు అధిదేవత త్వష్ట. దేవతల శిల్పి, ఇంద్రుని వజ్రాయుధమును చేసినవాడు. ఆ త్వష్ట తన కుమారుడైన విశ్వరూపుని ఇంద్రుడు చంపగా దుఃఖించిన తండ్రి కూడను. తాను తీర్చిన ఆయుధమును దాల్చినవాడే తన బిడ్డను చంపుటను చూచిన ఆ శిల్పి కథను జపాను రచయిత ఎఱిగియుండడు. అయినను, ఆ చుక్క పేరు పెట్టుకొన్న కథలో, తాను కట్టిన యంత్రము తన యింటి మీదనే పడగా చూచిన శిల్పి ఒకడు కనబడుట నాకు విస్మయము గొలిపినది.

అసుమికి ఒక వింత స్నేహితుడు గలడు. సింహపు ముఖము గల ముసుగు ధరించి, మౌతార్గాను వాయించుచు తిరుగు ఒక యువకుడు. ఆమె అతనిని 'సింహముగారు' అని పిలుచును. అతడు ఆమెకు తప్ప అన్యులకు కనబడడు. ఏలయనగా, అతడు ఆ సింహపు రాకెట్టులో మరణించిన వ్యోమగామి ఆత్మ. బిడ్డకు నక్షత్రముల పేర్లు నేర్పినవాడును, రాకెట్టు ఎట్లు ఎగయునో చెప్పినవాడును అతడే. దయ్యమని వినగానే నేను నొసలు చిట్లించితిని. కాని ఆలోచింపగా, తల్లిని పోగొట్టినదానిలోనే తానును పోయినవాడు ఆ పిల్లకు గురువగుటలో కవిహృదయమున్నది. బడిలోని ఉపాధ్యాయులు పాఠము చెప్పక ముందే, పడినవాడు ఆమెకు పాఠము చెప్పినాడు. ఫోగెల్ పండితుని రెండవ తారవలె అతడు కనబడడు. అసుమి నడకలోని ఊపును బట్టి ఎవరో ఉన్నారని మాత్రము ఇతరులకు తోచును.

బడి ప్రవేశపరీక్షను గూర్చి కొంచెము నిలిచి చెప్పవలెను. ముగ్గురు బాలికలను దినముల తరబడి ఒక మూసిన గదిలో నుంచి, డొమినో బిళ్లలను వరుసగా నిలుపుమందురు. గణితము కాదు, యంత్రశాస్త్రము కాదు, బిళ్లలు! ఒకతె తుమ్మినను, విసుగుతో కాలు జాపినను, అంతవఱకు నిలిపినదంతయు కుప్పకూలును. ఇది రచయిత కల్పించిన పిల్లలాట యని నవ్వుకొంటిని. తరువాత విచారింపగా, జపాను అంతరిక్ష సంస్థ 2008లో వ్యోమగాముల ఎంపిక చేపట్టినప్పుడు, దరఖాస్తు చేసికొన్న 963 మందిలోనుండి వడపోసిన పదిమందిని, సుకుబా నగరమున ఒక మూసిన కొఠారులో వారము దినములుంచి, తక్కిన పరీక్షలతో పాటు, అందఱిచేతను కలిపి వేయి కాగితపు కొంగలను మడిపించిరని తెలిసినది. మడిచిన కొంగలను వరుస తప్పకుండ దారమునకు గ్రుచ్చించిరి. మొదటి కొంగ ముక్కు ఎంత సూటిగా నున్నదో, కడపటి కొంగ ముక్కును అంత సూటిగా నున్నదా, లేక విసుగు వ్రేళ్లలోనికి దిగినదా యని పరీక్షకులు చూచిరి. ఎంత సున్నితమైన కొలత! అన్నప్రాశన నాడు బిడ్డ యెదుట పుస్తకము, బంగారము, కత్తి యుంచి దేనిని పట్టుకొనునో చూచు మన ముత్తవ్వలు ఈ పరీక్షను మెచ్చుకొనియుందురు. ఆ పదిమందిలోనుండి చివరకు ముగ్గురు ఎంపికైరి.

అసుమి పొట్టిపిల్ల. ఎత్తు నూటనలుబది సెంటీమీటర్లకు కొంచెము పైన. ఆమె కొలతకు తగిన వ్యోమగామి దుస్తు లేకపోవుటయు, కొత్తగా కుట్టింపవలెనన్న అపారమైన వ్యయమగుటయు ఆమెను బడినుండి సాగనంపుటకు ఒక సాకుగా మాఱును. వస్త్రము సరిపోలేదని ఒక జీవితము ఆగునా యని శ్రోతలు సందేహింపవచ్చును. 2019 మార్చి నెలలో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రమునుండి ఇద్దఱు స్త్రీలు కలిసి వెలుపలికి పోవలసిన మొదటి వ్యోమవిహారము, మధ్యరకపు కొలత గల దుస్తు ఒక్కటి మాత్రమే సిద్ధముగా నున్న కారణమున మార్పు చెందినది. క్రిస్టినా కాక్, జెస్సికా మేయిర్ అను ఇద్దఱు అట్టి విహారమును ఆ యేటి అక్టోబరు 18న గాని చేయలేదు. ఒక చిత్రకథారచయిత తన బల్లయొద్ద కూర్చుండి ఊహించిన చిక్కు, లోకమున పదునైదేండ్ల పిదప ఎదురైనది.

ఆమె సహాధ్యాయులు నలుగురు. ఎడతెగక మాటలాడు ఓమి కేయ్, నోరు విప్పని ఉకితా మరికా, ఎప్పుడును నిదురమత్తులో నున్నట్లుండి అందఱికన్న తెలివి గల సుజుకి షూ, అసుమి ఊరివాడే యైన ఫుచూయా షిన్నోసుకే. ఈ చివరివాడు ఆమెను తిట్టుచునే కాపాడుచుండును; పల్లెటూళ్ల బడులలో ఇట్టి పిల్లవాడొకడు లేని తరగతి యుండదు. ఇతని యింటివారిది బాణసంచా వ్యాపారము. రాకెట్టు పడిన ఊరిలో తారాజువ్వలు చేయు కుటుంబము! నిప్పును నమ్ముకొని బ్రతుకువారికి నిప్పుపై కోపము తెచ్చుకొను వీలుండదు. దీపావళికి జువ్వ కట్టు మన మందుగుండు పనివాడు, శ్రీహరికోటలో రాకెట్టు కట్టు శాస్త్రజ్ఞుడు, ఇద్దఱును చేయునది మూలమున ఒక్క పనియే: మండించి, పొగను క్రిందికి నెట్టి, తాను పైకి పోవుట. ఫుచూయా ఆ మాట అనడు గాని, అతని మొండితనములో అది యున్నట్లు నాకు తోచినది.

ఇప్పుడు 2003వ సంవత్సరమును గూర్చి చెప్పవలెను; ఈ చిత్రమును ఆ సంవత్సరమునుండి విడదీసి చూచుట తగదు. ఆ యేడు ఫిబ్రవరి 1న అమెరికా వారి కొలంబియా నౌక తిరిగివచ్చుచు టెక్సాసు మీది ఆకాశమున ముక్కలైనది. కర్నాల్‌లో పుట్టిన కల్పనా చావ్లా సహితముగా ఏడుగురు మరణించిరి. శకలములు ఊళ్లపైనను పొలములపైనను రాలినవి. అక్టోబరు 1న జపానులో మూడు వేఱువేఱు సంస్థలను కలిపి జాక్సా అను ఒక్క అంతరిక్ష సంస్థను నెలకొల్పిరి. రెండు వారములు గడువగనే, అక్టోబరు 15న, పొరుగుననున్న చైనా దేశము యాంగ్ లివేయ్ అను వ్యోమగామిని తన సొంత రాకెట్టుపై పంపి, మఱునాడు తెచ్చుకొనినది. నవంబరు 1న ఈ చిత్రము ఆరంభమైనది. సరిగా నాలుగు వారములకు, నవంబరు 29న, తనెగాషిమా ద్వీపమునుండి రెండు ఉపగ్రహములతో లేచిన జపాను హెచ్-2ఏ రాకెట్టు, ప్రక్కనున్న ఘనేంధనపు గొట్టమొకటి విడివడి రాలిపోక అంటుకొనియుండుటచే వేగము చాలక, భూమినుండి పంపిన ఆజ్ఞతో ధ్వంసము చేయబడినది. ఎవరికిని ప్రాణహాని లేదు. ఆ రకపు రాకెట్టు మరల ఎగురుటకు 2005 ఫిబ్రవరి వరకు పట్టినది. కథలో రాకెట్టు కూలిన దృశ్యమును చూచి నెల తిరుగక మునుపే వార్తలలో ఆ మాటలనే విన్న జపాను బాలుని మనస్సు ఎట్లుండెనో ఊహింపుడు. ఆ యేటి శీతకాలముననే అదే ప్రసార సంస్థ 'ప్లానెటీస్' అను మఱియొక కథనును చూపినది. అందులో పాత్రలు అంతరిక్షమున చెత్త ఏఱుకొను కూలీలు. వైభవమునకు బదులు బాధ్యతను చూపుట ఆ దేశమున ఆ ఋతువులో వీచిన గాలి యనిపించును.

రాకెట్టు ఊరిమీద పడుట అతిశయోక్తి యని కూడ అనరాదు. 1996 ఫిబ్రవరి 15న చైనాలోని షిచాంగ్ కేంద్రమునుండి లేచిన రాకెట్టు ప్రక్కకు వంగి సమీపగ్రామము చెంతనే పడగా మరణములు సంభవించినవి. అందుకనియే రాకెట్టు కేంద్రములను వీలైనంతవరకు తూర్పున సముద్రముండు చోట కట్టుదురు. భూమి తూర్పునకు తిరుగుచుండుటచే అటు ఎగురువానికి ఆ వేగము ఉచితముగా దొరకును. పడినచో నీటిలో పడును. మన పులికాటు సరస్సు నానుకొనియున్న శ్రీహరికోట ద్వీపమును ఎన్నుకొనుటకును ఇదియే ముఖ్యకారణము. 1979 ఆగస్టు 10న అక్కడినుండి లేచిన మొదటి ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు బంగాళాఖాతమున పడినది. మఱుసటి యేడు జూలై 18న రెండవది రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపినది. నడుమ పదునొకండు నెలలు. సముద్రము దాచిపెట్టును గనుక ఆ పదునొకండు నెలలను మనము సులభముగా మఱచితిమి. యుయిగాహామా ప్రజలకు ఆ సౌలభ్యము లేదు.

జపానువారి రాకెట్టు చరిత్రయు అంత చిన్నగానే మొదలైనది. 1955 ఏప్రిలు 12న, తోక్యో వెలుపల కొకుబుంజీలో, ఇతొకావా హిదేఓ అను ఆచార్యుడు ఇరువదిమూడు సెంటీమీటర్ల పొడవు గల 'పెన్సిలు' రాకెట్టును పైకి కాక అడ్డముగా పేల్చి చూపెను. 1970 ఫిబ్రవరి 11న ఇరువదినాలుగు కిలోల 'ఓసుమి' ఉపగ్రహమును కక్ష్యలో నిలుపుటకు ముందు నాలుగు ప్రయత్నములు విఫలమైనవి. ఆ ఇతొకావా పేరు పెట్టిన చిన్న గ్రహశకలమునకే 2003 మే నెలలో 'హయబుసా' అను నౌక బయలుదేరినది. అది దారిలో చెడి, మాట పోయి, దొరికి, ఏడేండ్లకు, 2010 జూన్ 13న, గుప్పెడైనను లేని ధూళికణములను ఒక పేటికలో పెట్టుకొని వచ్చి, ఆస్ట్రేలియా ఎడారి మీది చీకటిలో తాను కాలిపోయి, ఆ పేటికను మాత్రము నేలకు దింపినది. గమనింపుడు: కథలో 2010లో జపాను నౌక మండుచు నేలబడి ఊరు నాశనమైనది, లోకములో అదే 2010లో జపాను నౌక ఆకాశమున మండిపోగా దేశమంతయు ఆనందబాష్పములు రాల్చినది. రచయితకు ఇది ఎట్లు తెలియును? తెలియదు. నాకు మాత్రము, ఆ సంవత్సరమును వినినప్పుడెల్ల రెండు మంటలును కలిసియే కనబడుచున్నవి.

ప్రతి భాగము ముగియునప్పుడు ఒక పాట వచ్చును. రాత్రి చుక్కలవైపు తల యెత్తి చూడుమని పిలుచు ఆ పాటను 1963లో సకమోతో క్యూ అను గాయకుడు జపానులో ఇంటింటి పాటగా చేసెను. ఈ చిత్రమున దానిని బిగిన్ అను బృందము పాడినది. ఆ సకమోతో క్యూ 1985 ఆగస్టు 12న విమానము కొండలలో కూలగా మరణించిన 520 మందిలో ఒకడు. జపాను శ్రోత ఈ సంగతిని మఱచి ఆ పాటను వినజాలడు. దర్శకుడు దీనిని ఎఱిగియే ఎన్నుకొనెనో, పాట మధురమని ఎన్నుకొనెనో చెప్పలేను. కాని ఆకాశమును ప్రేమించు పాటను ఆకాశమునుండి పడినవాని జ్ఞాపకముతో ముడివేయుట ఈ కథకు తగినట్లు మఱేదియు తగదు.

దోషములు లేవా? కలవు. అసుమి తండ్రిపై పాతకక్ష పెట్టుకొని కూతురిని వేధించు ఉపాధ్యాయుడొకడున్నాడు. వాని పగ మన పాత నాటకములలోని మేనమామల పగవలె కనబడుట తడవుగా పసిగట్టవచ్చును. పాత్రలన్నియు ఏదో ఒక విధమున ఆ ఒక్క ప్రమాదముతో ముడిపడియుండుట కొంత కృతకము. పిల్లలు మాటిమాటికి కన్నీరు పెట్టుదురు. అన్నిటికంటె పెద్దలోపము, మూలకథలో కొంతభాగమునకే ఇరువది భాగములు సరిపోవుటచే, చిత్రము నడిదారిలో నిలిచిపోవుట. అసుమి ఇంకను బడిలోనే యుండగా తెర దిగినది. ఆ రాత్రి మా మనుమరాలు మిగిలిన కథను చిత్రకథా సంపుటములలో చూచి చెప్పెదనన్నది. నేను వలదంటిని. ఆ పిల్ల ఎగురునో ఎగురదో తెలియకుండుటయే నాకు బాగుగా నున్నది.

ఈ చిత్రము మొదలైన 2003లోనే జపానులో వచ్చిన 'స్టెల్వియా' అను ఇంకొక బడికథను సైతము ఆమె నాకు చూపబోయినది. అది 2356వ సంవత్సరపు కథ. ఒక దూరనక్షత్రము ప్రేలిన అలకు భూలోకము ధ్వంసమై తిరిగి లేచిన పిదప, అంతరిక్షముననే కట్టిన బడిలో పిల్లలు నౌకలు నడుపుదురు. చక్కని రంగులు, చుఱుకైన పిల్లలు, లోకమునే రక్షింపవలసిన భారము. రెండు భాగములు చూచి చాలునంటిని. లోకమును రక్షించు పిల్లలకంటె డొమినో బిళ్లలు పడకుండ ఊపిరి బిగబట్టు పిల్లలే నాకు నచ్చిరి. ఇది వయోదోషము కావచ్చును.

ఉగాదినాటి రాత్రి, చంద్రుడు లేని ఆకాశమున, పది గంటలవేళ, మా మనుమరాలు నన్ను చేయి పట్టుకొని మేడ మీదికి తీసికొనిపోయినది. చిత్రను గుర్తించు విధము పంచాంగము చదువు మా నాయనగారు నాకు నేర్పినదే: ఉత్తరమున సప్తర్షుల తోక వంపును పట్టుకొని, ఆ వంపు తప్పకుండ చూపును సాగనిచ్చినచో మొదట ఎఱ్ఱని స్వాతి తగులును; ఇంకను సాగనిచ్చినచో తెల్లని చిత్ర. ఆమె వ్రేలితో చూపి, గొంతు తగ్గించి, "తాతయ్యా, నీకు ఒకటిగా కనిపిస్తోందా, రెండుగానా?" అని అడిగినది. నేను చాలసేపు చూచి, "రెండుగానేనమ్మా" అంటిని. ఆమె చప్పట్లు చఱచి, దూరదర్శినికి సైతము చిక్కనిది మా తాతయ్యకు చిక్కినదని క్రిందికి పరుగెత్తి ఇంటిల్లిపాదికి చాటినది. నిజము చెప్పవలెనన్న, ఆ రాత్రి నా కంటికి స్వాతియు రెండే, ఎదురింటి వీధిదీపమును రెండే. శుక్లము తీయించుకొనుటకు వైద్యుడు వచ్చే నెల ముహూర్తము పెట్టినాడు. అంతవఱకు ఈ సంగతి మా మనుమరాలికి చెప్పదలచుకొనలేదు. ఆమె ఈ వేళకు బడిలో నుండును గనుక ఈ ప్రసంగమును వినదు.